జొన్న రొట్టె తట్టే చేయి

జొన్నపిండికి జిగురు లేదు. గోధుమపిండిని చన్నీళ్లతో తడిపి పిసికితే అందులోని మాంసకృత్తులు గ్లూటెన్‌గా మారి సాగే వల అల్లుకుంటాయి. ఆ వల ఉన్నందుకే చపాతీ కర్రకు లొంగుతుంది, లాగితే సాగుతుంది, మడిస్తే మడత పడుతుంది. జొన్నలో ఆ గుణం లేదు. దాని మాంసకృత్తులు ఎక్కడివక్కడ ముడుచుకుని ఉంటాయి తప్ప ఒకదాన్నొకటి పట్టుకోవు. చన్నీళ్లు పోసి ముద్ద చేసి కర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి, ఎత్తబోతే ముక్కలవుతుంది. అయినా తాండూరు, నారాయణఖేడ్, జహీరాబాద్, నారాయణపేట వైపు ఇళ్లలో సాయంత్రం కాగానే అదే పిండితో కంచమంత వెడల్పున, పలుచగా, ఒక్క చీలిక లేకుండా రొట్టెలు తయారవుతాయి. పిండిలో లేని పట్టును చేయి తెచ్చిపెడుతుంది. ఈ వ్యాసం ఆ చేతి గురించి.

నేను దగ్గర కూర్చుని చూసింది మా చిన్నమ్మ చేతిని. తాండూరు పక్క పల్లెలో ఆమె రాత్రి వంట చాలావరకు ఇంతే: జొన్న రొట్టెలు, గట్టిగా వండిన ఆకుకూర పప్పు, కోసిన ఉల్లిగడ్డ, నిమ్మబద్ద, చివర మజ్జిగ. వానకాలమైతే పప్పులోకి గంగవాయిల కూర, మిగతా రోజుల్లో పాలకూరో చుక్కకూరో మెంతికూరో. మసాలా నూరేది లేదు, వేపుడు లేదు, ఇంటిల్లిపాదికీ కలిపి నూనె రెండు చెంచాలు. సరుకులు ఇంత తక్కువైనప్పుడు పనితనం దాక్కోవడానికి చోటుండదు. పప్పు పలుకుగా మిగిలినా, రొట్టె పిడచగట్టినా కప్పిపెట్టే కారం గానీ నెయ్యి గానీ ఈ కంచంలో లేవు. నాకు ఈ వంట మీద గౌరవం పుట్టింది అక్కడే.

మొదట పని వరుస చూడాలి. ఆమె ముందు కందిపప్పు కడిగి నానేస్తుంది. అది నానేలోపు ఆకు ఏరుతుంది, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు కోస్తుంది, చింతపండు తడిపి పెడుతుంది. పప్పు పొయ్యి ఎక్కి సగం ఉడికాక రెండో పొయ్యి మీద ఎసరు పెడుతుంది. పప్పు దిగేసరికి పెనం వేడెక్కి ఉంటుంది, పిండి తడిసి ఉంటుంది. రొట్టె చివరిది, ఎందుకంటే అది ఆగదు. పప్పు అరగంట ఆగితే ఇంకాస్త రుచి పడుతుంది. రొట్టె మాత్రం పెనం మీంచి దిగిన వేడిలోనే తినాలి. ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్న లెక్క చేతికి అలవాటైతే ఇంటిల్లిపాదికీ వంట గంటలోపు ముగుస్తుంది, వంటింట్లో హడావుడి కనిపించదు.

రొట్టె మంచిచెడులు వంటింటికి రాకముందే సగం తేలిపోతాయి. రబీ జొన్న కావాలి. నల్లరేగడిలో వానలు వెనకబడ్డాక, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విత్తి, నేలలో మిగిలిన తేమతోనే పెరిగి, చలి గడిచాక కోతకు వచ్చే పంట అది. గింజ గట్టిపడే వేళ వాన తగలదు కాబట్టి బూజు పట్టదు, తెల్లగా నిగనిగలాడుతుంది. ఖరీఫ్ జొన్న కంకి మీద ఉండగా వానలు పడితే గింజ నల్లబడుతుంది, పిండిలో ఆ వాసన దాగదు. దక్కన్ రైతులు దశాబ్దాలుగా వదలని మల్దండి రకం, ఎం 35-1, రొట్టెకు పెట్టింది పేరు. కొత్త రకాలు దిగుబడిలో దాన్ని దాటాయి గానీ, రొట్టె చేసే ఆడవాళ్లను అడిగితే ఇప్పటికీ ఆ తెల్లటి గుండ్రని గింజ పేరే ముందు చెబుతారు. కర్నూలు, ఆదిలాబాద్ వైపు పచ్చజొన్న రొట్టె ఇష్టపడే ఇళ్లూ ఉన్నాయి. దాని రుచి వేరు, కొంచెం మొరటుగా, ఇంకొంచెం తియ్యగా ఉంటుంది.

తర్వాత గిర్ని. చిన్నమ్మ వారం పది రోజులకు సరిపడా తప్ప పట్టించదు. నెలకు సరిపడా ఒకేసారి పట్టిస్తే ఆటో ఖర్చు కలిసొస్తుంది కదా అని ఇంట్లో ఎవరన్నా ఆమె ఒప్పుకోదు. జొన్నను పొట్టు తీయకుండా, మొలక భాగంతో సహా పట్టిస్తారు. ఆ మొలకలో నూనె ఉంటుంది. గింజలో ఉన్నన్నాళ్లు అది భద్రం, పిండి అయ్యాక గాలి తగిలి చేదెక్కుతుంది. పాత పిండి చేదు కావడమే కాదు, తట్టేటప్పుడు విరుగుతుంది. గిర్ని నుంచి తెచ్చిన పిండి వేడిగా ఉంటే డబ్బాలో పోసి మూత పెట్టదు, గుడ్డ మీద పరిచి చల్లార్చాకే ఎత్తుతుంది. వేడి పిండి మూతకింద చెమర్చి ఉండకడుతుంది. ఇదంతా వంట మొదలవకముందు జరిగే వంట.

ఇక ఎసరు. వెడల్పాటి పరాతలో పిండి పోసి మధ్యలో గుంట చేసి, కళపెళ కాగుతున్న నీళ్లు అందులో పోస్తుంది. గరిటె కాడతో తిప్పుతుంది, చేయి పట్టగలిగే వేడికి వచ్చాక పిసుకుతుంది. జిగురు లేని పిండికి జిగురు పుట్టేది ఇక్కడే. సుమారు 70 డిగ్రీల వేడి దగ్గర పిండిలోని రేణువులు నీళ్లు పీల్చి, ఉబ్బి, గంజిగా మారతాయి. ఎసరు తగిలిన పిండి కొంత ఇలా ఉడికి గంజవుతుంది, మిగతాది పచ్చిగానే ఉంటుంది. ఆ ఉడికిన భాగం పచ్చి భాగాన్ని పట్టి ఉంచుతుంది. ఎసరు తక్కువైతే గంజి చాలక ముద్ద పగులుతుంది. ఎక్కువైతే బంకబంకగా చేతికి అంటుకుంటుంది, రొట్టె పొంగదు, తింటే పళ్లకు చుట్టుకుంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. అందులోకి ఆమె ఏ కొలగిన్నె లేకుండా రోజూ నడిచిపోతుంది.

నీళ్ల కొలత అడిగాను. "నీళ్లెన్నని నన్నడుగుతే ఏం జెప్పాలె బిడ్డా, పిండినడుగు" అంది. మాట దాటెయ్యడానికి అన్నది కాదు, అంతకన్నా కచ్చితమైన జవాబు లేదు. కొత్త జొన్న తక్కువ నీళ్లు తాగుతుంది, ఎండిన పాత జొన్న ఎక్కువ తాగుతుంది. మెత్తగా ఆడిన పిండి ఒకలా, బరకగా ఆడింది ఇంకొకలా. ఎండాకాలం గాలికి ముద్ద ఆరిపోతుంది, ముసురు రోజున ఆరదు. వంటల పుస్తకాల్లో కనిపించే "ఒక కప్పు పిండికి ఒక కప్పు నీళ్లు" మొదలుపెట్టడానికి పనికొస్తుంది, ముగించడానికి కాదు. ముగించేది వేళ్లు. ముద్దను గుండ్రంగా చేసి బొటనవేలితో నొక్కి చూస్తుంది. నొక్కినచోట అంచు చీలకుండా నున్నగా లోపలికి పోతే సరిపోయినట్టు.

పిండి మొత్తాన్ని ఒకేసారి పిసికి ఉండలు చేసి పెట్టుకోదు. తడిపిన ముద్ద ఒక పక్కన ఉంటుంది, అందులోంచి ఒక్క రొట్టెకు సరిపడా తీసుకుని, తడిచేత్తో, అరచేతి గట్టి భాగంతో పరాతకు రుద్దుతూ మర్దిస్తుంది. ప్రతి రొట్టెకూ ఈ మర్దన విడిగా జరగాలి. ముందే చేసిన ఉండ పైన ఆరి పొర కడుతుంది, ఆ పొర తట్టేటప్పుడు చీలికవుతుంది. జొన్న రొట్టెకు ఇంత శ్రమ ఎందుకని చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే. నా లెక్కలో మంచి రొట్టెకూ మామూలు రొట్టెకూ తేడా తెచ్చేది తట్టడం కన్నా ఈ మర్దనే. తట్టడం కంటికి కనిపిస్తుంది కాబట్టి మెప్పు దానికి పోతుంది.

తట్టడమూ తక్కువ విద్యేమీ కాదు. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను బిళ్లగా అదిమి, వేళ్లు దగ్గరగా చేర్చి తడుతుంది. ప్రతి దెబ్బలో రెండు పనులుంటాయి: దెబ్బ పడినచోట పిండి పలుచబడుతుంది, దెబ్బ కాస్త పక్కకు తోయడం వల్ల రొట్టె కొంచెం తిరుగుతుంది. కుమ్మరి సారె మీద కుండ ఎలా తనంతట తాను గుండ్రమవుతుందో, ఈ తిరుగుడులో రొట్టె అలా గుండ్రమవుతుంది. గుండ్రంగా చేయాలని ఆమె ఎక్కడా ప్రయత్నించదు, తిరుగుడు సమంగా ఉంటే ఆకారం దానంతటదే వస్తుంది. కుడిచేయి తడుతుంటే ఎడమచేతి వేళ్లు అంచును కాస్తుంటాయి. అంచు ఎక్కడ చీలబోతున్నా ఆ వేలు ముందే పసిగట్టి లోపలికి నెడుతుంది. నేను చూపు కుడిచేతి మీద పెట్టి చాలాసేపు అసలు పనిని గమనించలేదు. రొట్టెను కాపాడుతున్నది ఎడమచేయి.

మధ్యభాగం ముందు పలుచబడుతుంది, ఆ తర్వాత చేయి మళ్లీ మధ్యలోకి రాదు. దెబ్బలు అంచువైపే జరుగుతూ పోతాయి, మందంగా ఉన్న పిండిని బయటికి నెడుతూ. మధ్య పలుచబడి అంచు మందంగా మిగిలితే కాలేటప్పుడు మధ్య మాడుతుంది, అంచు పచ్చిగా ఉంటుంది. అంతటా ఒకే మందం రావాలి, చూసి చెప్పడం కష్టం. ఆమె చప్పుడును బట్టి చెబుతుంది. ముద్ద మందంగా ఉన్నప్పుడు చప్పుడు లోతుగా, బరువుగా వస్తుంది. పలుచబడేకొద్దీ తేలికై, పీట చప్పుడు అందులో కలుస్తుంది. వీధిలో నడుస్తూ వినే రొట్టెల చప్పుడులో ఇంత సమాచారం ఉంటుందని నాకు తెలియదు.

ఇప్పుడు రొట్టెను పీట మీంచి పెనం మీదికి మార్చాలి. కొత్తవాళ్ల రొట్టెలు ఎక్కువగా విరిగేది ఇక్కడే. పీటను కొంచెం వంచి, రొట్టె అంచు కిందికి అరచేయి పోనిచ్చి, బరువంతా చేతిమీదికి జారనిస్తుంది. వేళ్లతో పట్టుకోదు. పట్టుకుంటే పట్టుకున్నచోటే తెగుతుంది. అరచేతి మీద పరుచుకున్న రొట్టెను పెనం దగ్గరగా తెచ్చి చేయి తిప్పగానే పొడిపిండి ఉన్న అడుగు పైకి వచ్చేలా పడుతుంది, మడత లేకుండా, గాలి బుడగ లేకుండా.

పైకి వచ్చిన ఆ పొడిపిండి మీద వెంటనే తడిగుడ్డతో నీళ్లు పూస్తుంది. చూసేవాళ్లకు ఇది చిన్న పని. నిజానికి రొట్టె పొంగడం దీనిమీదే ఆధారపడి ఉంటుంది. తట్టేటప్పుడు అంటుకున్న పొడిపిండి అలాగే ఉంటే ఆ పక్క మాడి, చేదై, పగులుతుంది. నీళ్లు పూస్తే పొడిపిండి కరిగి పూతలా పరుచుకుంటుంది, వేడికి ఆ పూత ఉడికి సన్నని చిల్లులన్నీ మూసుకుంటాయి. పైభాగం ఇలా మూతపడ్డాక లోపల పుట్టే ఆవిరికి బయటికి దారి ఉండదు, పైపొరను ఎత్తుతుంది. కాబట్టి తిప్పే క్షణం ముఖ్యం. నీళ్లు ఇంకి, పైన మెరుపు పోయి, ఇంకా ఆరిపోకముందు తిప్పాలి. తొందరపడితే తడి పెనానికి అంటుకుంటుంది. ఆలస్యమైతే పైన పగుళ్లొస్తాయి, ఆవిరి ఆ పగుళ్లలోంచి పోతుంది, రొట్టె చదునుగానే మిగులుతుంది. ఆ మెరుపు పోయే వేళను ఆమె కంటితో పట్టుకుంటుంది. అదే సమయంలో చేతులు తర్వాతి ముద్దను మర్దిస్తూనే ఉంటాయి.

తిప్పాక రెండో పక్క నిదానంగా కాలుతుంది. చివరికి మళ్లీ తిప్పి, మడిచిన గుడ్డతో అంచులు అద్దుతూ పోతే రొట్టె ఒకచోట లేస్తుంది, అక్కడి గాలిని గుడ్డతో పక్కకు నెడితే రొట్టె మొత్తం లేస్తుంది. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో పెనం మీంచి తీసి నిప్పుల పక్కన నిలబెట్టేవారు, అక్కడ పొంగేది. గ్యాసు పొయ్యి మీద కొందరు నేరుగా మంట మీద వేస్తారు. రెంటిలో నాకు నిప్పుల పక్కన కాలిన రొట్టె రుచే గొప్ప, కానీ ఆ పొగ పీల్చినవాళ్లు ఆడవాళ్లు, వాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ. గ్యాసు మీదికి మారడం మంచిదే అయింది.

పొంగిన రొట్టెకు రెండు పొరలుంటాయి. కింది పొర మెత్తగా, కొంచెం మందంగా, పైపొర కాగితమంత పలుచగా ఉంటుంది. ఆ పైపొర విడిగా ఊడి వస్తే రొట్టె కుదిరినట్టు. పిల్లలు ముందు దాన్నే లాగి తింటారు. పొర విడిపోయేలా, అంతటా సమంగా, ఎక్కడా నల్లమచ్చ లేకుండా వరుసగా అన్ని రొట్టెలూ ఒకేలా రావడం నేను ఏ పెద్ద వంటవాడి పనితనానికీ తక్కువగా చూడను. ఇదే పిండితో, ఇంకా పలుచగా తట్టి, పూర్తిగా తడి ఆరేదాకా కాలిస్తే ఎండు రొట్టె అవుతుంది. అది రోజుల తరబడి చెడదు. పొలాలకూ ప్రయాణాలకూ కట్టుకెళ్లేది అదే.

పప్పు సంగతికి వస్తే, చిన్నమ్మ అదృష్టం ఆమె ఊరే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి నల్లరేగడిలో పండిన కంది పప్పు త్వరగా ఉడుకుతుందని, రుచి ఎక్కువని చుట్టుపక్కల అందరూ చెప్పే మాటే ప్రభుత్వ పత్రంలోకి ఎక్కింది. ఆమె కుక్కరు వాడదు. గిన్నెలో పసుపు వేసి ఉడికిస్తుంది, నురగ తీస్తుంది. గింజ వేళ్ల మధ్య మెదిగినా ఆకారం పోని స్థితి ఆమెకు కావాలి. కుక్కర్లో ఆ స్థితి ఎప్పుడు వచ్చి వెళ్లిపోయిందో తెలియదు. కుక్కరు వాడేవాళ్లను నేను తప్పుపట్టను, పని ముగించుకుని సాయంత్రం ఆలస్యంగా ఇంటికి చేరినవాళ్లకు అది పెద్ద సాయం. ఒక్క విజిల్ తగ్గించి, మూత తీశాక ఐదు నిమిషాలు బయట ఉడికిస్తే చాలావరకు ఇదే రుచి వస్తుంది.

పప్పు మెత్తబడ్డాకే ఆకు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు పడతాయి. ఆ తర్వాతే చింతపండు పులుసు. ఈ వరుస ఎప్పుడూ మారదు, మారకూడదు. పులుపు ముందే పడితే గింజల కణాలను కలిపి ఉంచే పెక్టిన్ కరగడం నెమ్మదిస్తుంది, ఎంతసేపు ఉడికించినా పప్పు పలుకుగా మిగులుతుంది. ఈ రసాయనం తెలియకుండానే మన వంటిళ్లలో తరాలుగా పులుపు వెనక పడుతూ వచ్చింది.

గంగవాయిల కూర పులుపు కూడా లెక్కలోకి రావాలి. దీన్నే కోస్తా వైపు గంగపాయల కూర అంటారు. వానలు పడగానే చేలగట్ల మీద, పెరట్లో, పాదుల మధ్య తనంతట తాను నేలబారున పాకుతుంది. ఎర్రని కండగల కాడ, చిన్న మందపాటి ఆకు. కలుపుగా పీకిపారేసే చోట్లే ఎక్కువ. ఈ మొక్క నీటి ఎద్దడి ఉన్నప్పుడు రాత్రిపూట గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, పగటి ఎండలో దాన్ని వాడుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున తెంపిన ఆకు సాయంత్రం తెంపినదానికన్నా పుల్లగా ఉంటుంది. చిన్నమ్మ ఏ పూట ఆకైనా ముందు ఒకటి నోట్లో వేసుకుని, ఆ తర్వాతే చింతపండు ఎంతో తేలుస్తుంది. ఆకుకూరల్లో మామూలుగా తక్కువగా ఉండే ఒమేగా-3 రకపు కొవ్వు ఆమ్లం ఇందులో ఎక్కువగా ఉంది. ఆక్జలేట్లు కూడా ఎక్కువే, కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దీన్ని తగ్గించుకోవాలి.

అన్నంలోకి చేసే పప్పు జారుగా ఉన్నా నడుస్తుంది. రొట్టెలోకి చేసేది గట్టిగా ఉండాలి, రొట్టెముక్కతో ఎత్తితే నిలవాలి. అందుకే ఆమె పప్పుగుత్తితో సగమే మెదుపుతుంది. మెదిగిన సగం చిక్కదనం ఇస్తుంది, మెదగని సగం నోటికి తగులుతుంది. చివర పోపు. చెంచా నూనెలో ఆవాలు చిటపటమన్నాక జీలకర్ర, ఎండుమిరప, పొట్టుతోనే చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు. వెల్లుల్లి అంచు ఎర్రబడగానే పప్పులో వంపి, మరుక్షణం మూత పెడుతుంది. సుగంధాలు నూనెలో కరుగుతాయి, మూత ఉంటే ఎగిరిపోకుండా పప్పులోనే ఉంటాయి. నూనె తక్కువ వాడి కూడా వాసన నిండుగా తెచ్చే ఉపాయం ఇంతే: మూత పెట్టడంలో ఆలస్యం చేయకపోవడం.

ఈ కంచంలో ఆరోగ్యం ఎంతుందో అంకెల్లో చెప్పుకోవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాముల దాకా ఉన్నా పీచు 3 గ్రాములు కూడా లేదు. పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు రొట్టెలు, అంటే సుమారు 140 గ్రాముల పిండి, 30 గ్రాముల కందిపప్పు తిన్నారనుకుంటే ఒక్కొక్కరికి 20 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. ఆ సంస్థే 2020లో రోజుకు పురుషులకు 54 గ్రాములు, స్త్రీలకు 46 గ్రాములు కావాలని చెప్పింది. మూడోవంతుకు మించి ఈ ఒక్క పూటలోనే వస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది వాటి జత. జొన్న మాంసకృత్తుల్లో లైసిన్ అనే భాగం తక్కువ, కందిలో అది పుష్కలం. కందిలో మెథియోనిన్ తక్కువ, దాన్ని జొన్న కొంత పూరిస్తుంది. చేలో కూడా ఇవి జతే. దక్కన్‌లో వానకాలం జొన్న సాళ్ల మధ్య కంది వేయడం పాత ఆనవాయితీ. కంది మొదట్లో మెల్లగా పెరుగుతుంది కాబట్టి జొన్నకు పోటీ రాదు, జొన్న కోసేశాక ఖాళీ అయిన చోటంతా పరుచుకుంటుంది, వేళ్లతో నేలకు నత్రజని ఇస్తుంది. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ జంటపంట మీద ఏళ్లపాటు పనిచేసి, విడివిడిగా వేసినదానికన్నా కలిపి వేస్తే నేల నుంచి ఎక్కువ వస్తుందని కొలిచి చూపారు. రైతుకు అప్పటికే తెలిసిన విషయానికి కొలత దొరికింది.

ఉల్లిగడ్డ మీద పిండే నిమ్మరసానికీ కారణముంది. జొన్నలోని ఇనుమును ఫైటేట్లు పట్టుకుని ఒంటికి అందనివ్వవు, నిమ్మరసంలోని సి విటమిన్ ఆ ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. జొన్న రొట్టె చక్కెర వ్యాధిని తగ్గిస్తుందని జరిగే ప్రచారాన్ని నేను నమ్మను. జొన్నలోనూ పిండి పదార్థం దండిగా ఉంది. నెమ్మదిగా అరుగుతుంది, కడుపు నిండిన భావన త్వరగా వస్తుంది, అందువల్ల తక్కువ తింటాం. మేలు అక్కడుంది. ఐదు రొట్టెలు తింటే ఆ మేలు మిగలదు.

ఇంత మంచి తిండి మన కంచాల్లోంచి ఎందుకు జారిందో అందరికీ తెలిసిన కథే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అది ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. దాంతోపాటు అన్నం గౌరవమని, రొట్టె పేదరికమని ఒక భావన కూడా ఊళ్లలో గట్టిపడింది. అమ్మలు చేసిన పని కూతుళ్లు నేర్చుకోలేదు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేనాటికి జొన్నపిండి నగరాల సూపర్‌మార్కెట్లకు చేరింది, కానీ దాన్ని తట్టే చేతులు తగ్గిపోయాయి. అందుకే గోధుమపిండి సగం కలిపి కర్రతో ఒత్తి జొన్న రొట్టె అని వడ్డించే హోటళ్లు వచ్చాయి. అది సాగుతుంది, మడత పడుతుంది, అందంగానే ఉంటుంది. జొన్న రుచి మాత్రం ఉండదు.

మరోపక్క హైదరాబాదు, కర్నూలు, మహబూబ్‌నగర్ రోడ్ల పక్కన సాయంత్రం పూట పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు తట్టి అమ్మే ఆడవాళ్లు కనిపిస్తున్నారు. వాహనాల రొద మధ్య, వీధిదీపం కింద, గాలికి మంట కదులుతున్నా వాళ్ల రొట్టె పొంగుతుంది. ఎసరు పట్టును, మర్దనను, మెరుపు పోయే క్షణాన్ని వాళ్లు రోడ్డు మీద సాధిస్తున్నారు. ఒక్కో రొట్టెకు వాళ్లడిగే ధర ఆ పనితనానికి చాలా తక్కువ. అక్కడ బేరం చేయడం నాకు నచ్చదు.

ఇళ్లలో ఒక అన్యాయం ఇంకా సాగుతోంది. రొట్టె వేడిగా తినాలి కాబట్టి ఇంటివాళ్లు ఒక్కొక్కరే కూర్చుంటారు, పెనం మీది రొట్టె నేరుగా కంచంలో పడుతుంది. తట్టిన మనిషి అందరికన్నా చివర, చల్లారిన పప్పుతో తింటుంది. చిన్నమ్మ దీని గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. విప్పకపోయినా అది సరైనది కాదు.

మీ ఇంట్లోనో ఎదురింట్లోనో రొట్టె తట్టే పెద్దావిడ ఉంటే ఈ వారమే ఆమె పక్కన కూర్చోండి. వీడియో తీసుకోండి, దాంతో ఆగకుండా ఒక ముద్ద అడిగి మీ చేత్తో తట్టి చూడండి. కిలో రబీ జొన్నలు కొని గిర్నిలో మెత్తగా పట్టించండి, పది రోజుల్లో వాడేయండి. మొదట పూరీ అంత రొట్టెలు చాలు. అంచు చీలితే ముద్దకు ఇంకాస్త వేడినీళ్లు, చేతికి అంటుకుంటే చిటికెడు పిండి. చేయి కుదిరాక, ఆమెను కంచం ముందు కూర్చోబెట్టి వేడి రొట్టె మీరు వడ్డించండి.